పోయినవాళ్ల పేరు అడగండి

(కౌన్సెలర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక కళ్లజోడు గురించి చెబుతాను. మనిషెవరో పోల్చుకోకుండా వివరాలు మార్చాను. కళ్లజోడు సంగతి మాత్రం ఉన్నదున్నట్టే చెబుతున్నాను.

భర్త చనిపోయిన ఏడు నెలలకు ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. నిద్ర పట్టడం లేదని, ఏ పని మీదా మనసు నిలవడం లేదని, పిల్లలు పోరుపెడితే వచ్చానని ఓ పది నిమిషాలు చెప్పారు. ఆ తర్వాత హ్యాండ్‌బ్యాగులోంచి కళ్లజోడు పెట్టె తీసి బల్ల మీద పెట్టారు. "ఇది ఆయనది" అన్నారు. "చూడొచ్చా?" అని అడిగాను. మూత తీసి నా వైపు తిప్పారు గానీ చేతికివ్వలేదు. ఎడమ అద్దం మీద బొటనవేలి ముద్ర ఉంది. చిన్న జిడ్డు మరక. ఎవరి కంటనైనా పడితే ఆలోచించకుండా తుడిచేసే మరక.

"ఎవరైనా తుడిచేస్తారేమోనని దీన్ని వెంట పెట్టుకుని తిరుగుతున్నా. నాకు పిచ్చి పడుతోందా మేడమ్?" అన్నారు.

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేదు. "ఆయన పేరేమిటి?" అని అడిగాను. ఆవిడ పేరు చెప్పారు. చెప్పి చాలాసేపు ఏడ్చారు. కళ్లు తుడుచుకున్నాక అన్న మాట నాకింకా గుర్తుంది: "ఈ ఏడు నెలల్లో ఆయన పేరు అడిగింది ఆఫీసుల్లో ఫారాలు నింపేవాళ్లే. ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే నేను ఏడుస్తానని వాళ్ల భయం."

ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఈ మాట చుట్టూనే తిరుగుతుంది. దుఃఖంలో ఉన్న మనిషి చుట్టూ అందరికీ తొందరే. త్వరగా తేరుకోవాలని, మునుపటిలా అయిపోవాలని, కనీసం తమ ముందు ఏడవకూడదని కోరుకుంటారు. ప్రేమ లేక కాదు, ఆ బాధను చూస్తూ కూర్చోలేక. మన గదిలోనైనా ఆ తొందర ఉండకూడదు. చెప్పడానికి ఇది చాలా తేలిక. చేయబోతే మన చదువు, మన ఫీజు, మన భయం, అన్నీ కలిసి మనల్ని తొందరపెడతాయి.

నా సంగతే చెబుతాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలి రోజుల్లో కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి వచ్చారు. డాక్టర్ల మీద, దేవుడి మీద, భార్య మీద కోపంతో మండిపోతున్నారు. నేను చదువుకున్నది గుర్తు తెచ్చుకుని, ఎంతో ఓదార్పుగా చెబుతున్నాననుకుంటూ, "మీరిప్పుడు కోపం దశలో ఉన్నారండీ, ఇది మామూలే" అన్నాను. ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, "తర్వాతి దశ ఎప్పుడొస్తుంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. తర్వాతి వారం ఆయన రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఆయన కొడుకు పేరేమిటో నేను అడగనేలేదు.

ఐదు దశల సంగతి మీకందరికీ తెలుసు: ఒప్పుకోకపోవడం, కోపం, బేరం (ఇది తప్పిస్తే అది చేస్తానని దేవుడితో బేరమాడటం), కుంగుబాటు, ఒప్పుకోవడం. ఎలిజబెత్ కుబ్లర్ రాస్ అనే సైకియాట్రిస్టు 1969లో వీటిని రాశారు. ఆవిడ మాట్లాడింది తమకు చావు దగ్గరపడిందని తెలిసిన రోగులతో. ఆ రోజుల్లో ఆసుపత్రుల్లో చనిపోబోయేవాళ్లతో ఎవరూ నోరు విప్పి మాట్లాడేవారు కాదు. ఆవిడ వాళ్ల పక్కన కూర్చుని విన్నారు. అది ఎంత పెద్ద పనో ఇవాళ మనకు అంత తేలిగ్గా అర్థం కాదు. కానీ చనిపోబోయేవాళ్ల గురించి చెప్పిన ఆ దశల్ని, వెనక మిగిలిపోయినవాళ్లకు నిచ్చెన మెట్లలా వాడేశాం. ఒక క్లయింటు ఉదయం ఒప్పుకుంటారు, మధ్యాహ్నం ఫోను మోగితే పోయిన మనిషేనేమో అనుకుంటారు, రాత్రికి కోపంతో గోడను గుద్దుతారు. వాళ్లకు మెట్ల లెక్క చెబితే, తాము ఏడవడం కూడా సరిగ్గా చేయలేకపోతున్నామనుకుంటారు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ ఉన్నారు. పోయిన మనిషి మీద పెట్టుకున్న మమకారాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకోవడమే దుఃఖం చేసే పని అని ఆయన 1917లో రాశారు. మూడేళ్లకు, 1920లో, ఆయన కూతురు సోఫీ ఫ్లూతో చనిపోయింది. 1929లో, ఆమె బతికి ఉంటే ముప్పై ఆరేళ్లు నిండే రోజున, కొడుకును పోగొట్టుకున్న ఒక స్నేహితుడికి ఆయన ఉత్తరం రాశారు. తీవ్రమైన శోకం తగ్గుతుంది గానీ మనకు ఓదార్పు దొరకదు, ఆ ఖాళీలోకి ఏది వచ్చినా అది వేరేదే అవుతుంది, అలాగే ఉండాలి కూడా అన్నది ఆ ఉత్తరం సారాంశం. సిద్ధాంతం రాసిన మనిషికీ కూతురు పోయిన తండ్రికీ మధ్య పన్నెండేళ్లు గడిచాయి. మన వృత్తి మాత్రం చాలాకాలం మొదటి మాటనే పట్టుకుంది. "వదిలెయ్యండి, ముందుకు సాగండి" అని మనం ఇప్పటికీ చెప్పే సలహాకు మూలం అక్కడే ఉంది.

1996లో డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ అనే ముగ్గురు పరిశోధకులు ఈ ఆలోచనను తలకిందులు చేశారు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులనూ, తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలనూ గమనిస్తే ఎవరూ బంధాన్ని తెంచుకోవడం లేదు. దాని రూపం మారుతోంది, అంతే. పోయినవాళ్లతో మనసులో మాట్లాడుకుంటారు, ఈ పరిస్థితిలో వాళ్లయితే ఏమనేవారో ఆలోచిస్తారు, వాళ్ల అలవాటు ఒకటి తమకు తెలియకుండానే తెచ్చుకుంటారు. ఇది జబ్బేమీ కాదు. విలియం వోర్డెన్ అనే సైకాలజిస్టు కూడా, దుఃఖంలో మనిషి చేయాల్సిన నాలుగు పనుల గురించి 1982లో రాసినప్పుడు, చివరి పనిగా పోయినవాళ్ల నుంచి మనసు మళ్లించుకోవడాన్ని పెట్టారు. తర్వాతి కూర్పుల్లో దాన్ని మార్చి, జీవితంలో ముందుకు వెళ్తూనే వాళ్లతో నిలిచి ఉండే బంధాన్ని వెతుక్కోవడం అన్నారు. తాను రాసినదాన్ని తానే దిద్దుకున్నందుకు నాకు ఆయనంటే గౌరవం.

అందుకే కళ్లజోడు దాచుకోమని గానీ తీసేయమని గానీ నేను ఆవిడకు చెప్పలేదు. "ఆయన ఈ కళ్లజోడు ఎప్పుడు పెట్టుకునేవారు?" అని అడిగాను. పేపరు చదివేటప్పుడట. చదివి తీసి నెత్తి మీదికి నెట్టుకుని, తర్వాత ఇల్లంతా వెతికేవారట. అది చెబుతూ ఆవిడ నవ్వారు. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, తప్పు చేసినట్టు.

ఆ చెయ్యి అడ్డం పెట్టుకోవడం గురించి కొంచెంసేపు మాట్లాడాలి.

మార్గరెట్ స్ట్రోబ, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పిన పద్ధతి నాకు రోజూ గదిలో పనికొస్తుంది. దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపుల మధ్య తిరుగుతూ ఉంటాడు. ఒకవైపు పోయినదాని బాధ: ఏడవడం, ఫొటోలు చూడటం, ఆ రోజును మళ్లీ మళ్లీ తలుచుకోవడం. రెండోవైపు మారిపోయిన బతుకు: ఇంతకుముందు ఆయన చూసుకున్న బ్యాంకు పనులు, పిల్లల స్కూలు మీటింగులు, ఖాళీగా మిగిలిపోయిన ఆదివారాలు. మనిషి ఇటు కాసేపు, అటు కాసేపు ఉంటాడు. ఎప్పుడూ ఒకవైపే ఇరుక్కుపోతే తిప్పలు. నవ్వడం, సినిమా చూడటం, ఒక పూట అంతా మర్చిపోవడం, ఇవేవీ ద్రోహం కావు. ఊపిరి తీసుకోవడం లాంటివి.

క్లయింటుకు ఈ సంగతి సిద్ధాంతంగా చెప్పాల్సిన పని లేదు. నేను ప్రతి సెషన్‌లో రెండు ప్రశ్నలు మర్చిపోకుండా అడుగుతాను. ఈ వారం ఎప్పుడు బాగా గుర్తొచ్చారు? ఈ వారం మీరు కొత్తగా ఏం చేయాల్సి వచ్చింది? రెండో ప్రశ్నకు ఎక్కువ ఏడుపు వస్తుందని మీరు అనుకోరు. వస్తుంది. "గ్యాస్ బుక్ చేశాను, ఆయన ఫోన్ నంబరు మీద ఉంది, మార్చమన్నారు" అంటూ ఏడ్చినవాళ్లున్నారు.

బిడ్డను పోగొట్టుకున్న భార్యాభర్తలు కలిసి వస్తే ఈ రెండు వైపుల సంగతి ఇంకా అవసరం. ఆయన పొద్దున్నే లేచి పనికి పోతాడు. ఆవిడ ఆ గదిలోంచి బయటికి రాదు. "ఈయనకు ఏమీ పట్టదు" అని ఆవిడ అంటుంది. "ఇంటికొస్తే ఊపిరాడదు" అని ఆయన అంటాడు. ఇద్దరూ ఒకే దుఃఖంలో చెరోవైపు నిలబడ్డారు, అంతే. ఒకసారి ఒక భర్త, పని నుంచి వస్తూ రోజూ ఇరవై నిమిషాలు బండి పక్కన ఆపి ఏడ్చి, మొహం కడుక్కుని ఇంటికి వస్తానని సెషన్‌లో చెప్పాడు. భార్యకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఆ రోజు నేను చేసింది ఏమీ లేదు. మాట్లాడకుండా కూర్చున్నాను.

శరీరం గురించి కూడా చెప్పాలి. మనలో చాలామంది మనసు గురించే అడిగి ఊరుకుంటారు. 1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్బు తగలబడి 492 మంది చనిపోయారు. ఎరిక్ లిండెమన్ అనే సైకియాట్రిస్టు ఆ ప్రమాదంలో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లతో పాటు మరికొందరిని కూడా గమనించి, మొత్తం 101 మంది అనుభవంతో 1944లో ఒక వ్యాసం రాశారు. అందులో ఆయన వర్ణించింది ఇవాళ మన క్లయింట్లు చెప్పేదే. గొంతు బిగుసుకుపోవడం, ఊపిరి అందకపోవడం, మాటిమాటికీ నిట్టూర్పు, పొట్టలో ఖాళీ, ఒళ్లంతా సత్తువ లేకపోవడం. ఇది అలలుగా వస్తుందని, ఒక్కో అల ఇరవై నిమిషాల నుంచి గంట దాకా ఉంటుందని ఆయన రాశారు. ఈ ఒక్క ముక్క క్లయింటుకు చెబితే ఎంత ఊరటో! "ఇది అల అండీ, వచ్చి పోతుంది" అంటే, తనకేదో అయిపోతోందన్న టెన్షన్ సగం తగ్గుతుంది.

అలాగని ప్రతి గుండెపోటు లాంటి నొప్పినీ దుఃఖం ఖాతాలో వేయకండి. గుండెపోటు వచ్చి బతికిన దాదాపు రెండు వేల మంది మీద చేసిన ఒక అధ్యయనం 2012లో వచ్చింది. అయినవాళ్లు పోయిన మొదటి ఇరవై నాలుగు గంటల్లో గుండెపోటు ప్రమాదం మామూలు రోజుల కంటే దాదాపు 21 రెట్లు ఎక్కువని, తర్వాతి రోజుల్లో మెల్లగా తగ్గుతుందని అందులో తేలింది. కొత్తగా దుఃఖంలో పడిన మనిషి ఛాతీలో నొప్పి అంటే ముందు డాక్టరు దగ్గరికి. బీపీ, షుగర్ మందులు వేసుకుంటున్నారా అని అడగండి. ఆ వారాల్లో చాలామంది మానేస్తారు, మందు గుర్తు చేసే మనిషే పోయి ఉండొచ్చు.

ఇంతకూ దుఃఖంలో ఉన్న ప్రతివాళ్లకూ మనం కావాలా? అక్కర్లేదు. మన వృత్తికి ఇది కష్టంగా తోచినా నిజం. ఎక్కువమంది తమ మనుషుల మధ్య, తమ తీరులో, తమ వేగంతో తేరుకుంటారు. జార్జ్ బొనానో లాంటి పరిశోధకులు ఏళ్ల తరబడి చూపించింది ఇదే. ఏడవని మనిషిని "నువ్వు లోపల దాచుకుంటున్నావు" అని పీడించకండి. అవసరం లేనివాళ్లకు థెరపీ ఇచ్చినా పెద్ద ప్రయోజనం కనిపించలేదు. మామూలు మరణాల తర్వాత పెద్దవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి దుఃఖం ఎంతకీ తగ్గకుండా గడ్డకట్టినట్టు ఉండిపోతుంది. హత్య, ఆత్మహత్య, ప్రమాదం లాంటి మరణాల తర్వాత అలాంటివాళ్లు ఇంకా ఎక్కువమంది. మన పని ముఖ్యంగా వీళ్లతో.

దీన్ని ఇప్పుడు దీర్ఘకాలిక శోక రుగ్మత అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా, ఐసీడీ-11 ప్రకారం కనీసం ఆరు నెలలు దాటాలి. అమెరికన్ సైకియాట్రిస్టులు వాడే మానసిక జబ్బుల పుస్తకం, 2022లో వచ్చిన డీఎస్ఎం-5-టీఆర్ ప్రకారం పెద్దవాళ్లకు ఏడాది, పిల్లలకు ఆరు నెలలు. పోయిన మనిషి కోసం తీరని తపన, లేదా ఎప్పుడూ అదే ధ్యాస. దాంతో పాటు తనలో ఒక భాగం పోయినట్టుండటం, మరణాన్ని నమ్మలేకపోవడం, గుర్తు చేసే ప్రతిదాన్నీ తప్పించుకోవడం, బతుక్కి అర్థం లేదనిపించడం లాంటివి. ఇవన్నీ ఆ మనిషి సమాజం మామూలు అనుకునే హద్దు దాటి ఉండాలి, రోజువారీ బతుకును ఆపేసి ఉండాలి. క్యాలెండరు చూసి ముద్ర వేయడానికి కాదు ఈ నెలల లెక్క. పదమూడో నెలలో ఏడ్చిన తల్లి రోగి కాదు.

డిప్రెషన్‌తో తేడా ఎలా తెలుస్తుంది? పూర్తిగా వేరు చేయలేం, రెండూ కలిసి ఉండొచ్చు. నేను చూసేది ఇది. దుఃఖంలో బాధ పోయిన మనిషి చుట్టూ తిరుగుతుంది, అలలుగా వస్తుంది, మధ్యలో మనవరాలు వచ్చి ఒళ్లో కూర్చుంటే మొహం వెలుగుతుంది. డిప్రెషన్‌లో ఆ వెలుగు కూడా రాదు, "నేను దేనికీ పనికిరాను" అన్న మాట ఎక్కువ వినిపిస్తుంది. ఏదైనా సరే, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. "నేనూ ఆయన దగ్గరికి పోతే బావుణ్ణు" అన్నది నిట్టూర్పో, నిర్ణయమో అడిగితే తప్ప తెలియదు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడొద్దు, అలా జరగదు. ఏదైనా ఉపాయం ఆలోచించారా, అది చేతికి అందేలా ఉందా, ఈ రాత్రి ఇంట్లో ఎవరుంటారు, ఇవన్నీ అదే సెషన్‌లో తేలాలి. అవసరమైతే అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి.

గడ్డకట్టిన దుఃఖానికి ప్రత్యేకంగా తయారైన థెరపీ ఉంది. క్యాథరిన్ షియర్ అనే సైకియాట్రిస్టు, ఆవిడ బృందం దాదాపు పదహారు సెషన్లతో దాన్ని రూపొందించారు. 2005లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో ఈ పద్ధతితో 51 శాతం మందికి గుణం కనిపిస్తే, డిప్రెషన్‌కు మామూలుగా ఇచ్చే ఇంకో థెరపీతో 28 శాతానికే కనిపించింది. 2016లో మందు కలిపి కూడా చూశారు. డిప్రెషన్ లక్షణాలు ఇంకాస్త తగ్గాయి గానీ, దుఃఖం తగ్గడంలో మందు వల్ల అదనంగా ఒరిగింది లేదు. శిక్షణ లేకుండా దీన్ని చేయబోకండి. అందులో ముఖ్యమైన భాగం ఎలా ఉంటుందో మాత్రం చూపిస్తాను.

ఒక యువకుడు, ఇరవై ఆరేళ్లుంటాయి. ఏడాదిన్నర కింద తల్లి ఆసుపత్రిలో చనిపోయింది. ఆ సమయానికి మందులు తేవడానికి కిందికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి అయిపోయింది. "నేను వెళ్లకుండా ఉండాల్సింది" అన్న మాట తప్ప వేరే మాట లేదు. ఆ ఆసుపత్రి ఉన్న రోడ్డు మీదుగా కూడా వెళ్లడు. అందరూ "నీ తప్పేం లేదురా" అన్నారు. ఎన్నిసార్లు అన్నా అది అతని లోపలికి దిగలేదు.

దిగదు. అపరాధభావాన్ని వాదించి గెలవలేం. నా తప్పే అనుకుంటే, కనీసం అది ఆపగలిగిన చావు అవుతుంది. ఎవరి చేతిలోనూ లేదని ఒప్పుకోవడం అంతకన్నా భయంగా ఉంటుంది. అందుకే మనిషి తప్పును గట్టిగా పట్టుకుంటాడు.

నాలుగైదు సెషన్లు గడిచి, నమ్మకం కుదిరాక, ఆ సాయంత్రాన్ని కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పమన్నాను.

"గదిలో లైటు ఉందా?"

"ఒకటే. తల వైపుది."

"నువ్వెక్కడున్నావు?"

"స్టూలు మీద. చీటీ నా చేతిలో ఉంది. నర్సు ఇచ్చింది. వెళ్లనా, తర్వాత వెళ్దామా అనుకుంటున్నా."

"అమ్మ?"

"కళ్లు తెరిచి చూసింది. చీటీ చూసింది." ఆగిపోయాడు. చాలాసేపు ఏమీ అనలేదు. "వెళ్లి రా అంది."

కళ్లు తెరిచాడు. "అంది మేడమ్. వెళ్లి రా నాన్నా అంది. నాకు గుర్తే లేదు."

ఏడాదిన్నరగా అతను రోజుకు పదిసార్లు ఆ గదిలోకి వెళ్తున్నాడు. కానీ ప్రతిసారీ గుమ్మం దగ్గరే, తిరిగి వచ్చిన క్షణం దగ్గరే ఆగిపోతున్నాడు. అంతకుముందున్న ఐదు నిమిషాల్లోకి ఎప్పుడూ వెళ్లలేదు. మెల్లగా చెప్పించడం ఇందుకే. దీన్ని రికార్డు చేసి ఇంటి దగ్గర వినమంటాం. తిరిగి తిరిగి చెప్పేకొద్దీ చూడలేని దృశ్యం చూడగలిగే జ్ఞాపకం అవుతుంది. చెప్పించిన తర్వాత అలాగే పంపేయకూడదు. కనీసం పావుగంట ఉంచుకుని, నేల మీద కాళ్లు ఆనించి, ఇంటికి ఎలా వెళ్తున్నారు, సాయంత్రం ఎవరుంటారు అని మామూలు మాటల్లోకి తీసుకురావాలి.

అతను ఆ రోజుతో బాగుపడ్డాడని అనుకోకండి. మరుసటి వారం తల్లి మీద కోపంతో వచ్చాడు. "తెలిసి ఉంటుంది ఆమెకు. నేను చూడకూడదనే పంపింది. ఎందుకు పంపాలి?" ఆ కోపంతో ఇంకో రెండు నెలలు పని చేశాం. పోయినవాళ్ల మీద కోపం వస్తే దాన్ని చల్లార్చడానికి పరుగెత్తకండి. చనిపోయినవాళ్లు కొట్టినవాళ్లు కావొచ్చు, వదిలేసి వెళ్లినవాళ్లు కావొచ్చు. "పోయాడని తెలియగానే హాయిగా అనిపించింది" అని చెప్పడానికి ఒక కూతురికి మూడు నెలలు పట్టింది. మన మొహంలో ఏ మార్పు వస్తుందోనని చూస్తూ చెప్పింది.

చుట్టూ ఉన్నవాళ్లు లెక్కలోకి తీసుకోని దుఃఖాలూ ఉన్నాయి. కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు వీటి గురించి 1989లో రాశారు. కడుపులోనే పోయిన బిడ్డ, ఎవరికీ తెలియని ప్రేమ, విడాకులైన భర్త, పెంచుకున్న కుక్క. వీళ్లకు పరామర్శకు ఎవరూ రారు. మన గది ఒక్కటే ఆ దుఃఖానికి చోటు. మనిషి తప్పిపోయినప్పుడు, మతిమరపు జబ్బుతో కళ్లముందే ఉండి కూడా లేనప్పుడు కలిగేది ఇంకో రకం. పాలిన్ బాస్ అనే పరిశోధకురాలు 1970లలో, యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో మాట్లాడి దీన్ని గుర్తించారు. అక్కడ "ఒప్పుకోండి" అనే మాటకు అర్థమే లేదు. ఉన్నాడా లేడా అన్న రెండు మాటల్నీ ఒకేసారి మోయడం నేర్పాల్సి ఉంటుంది.

మాటల దగ్గర జాగ్రత్త. మనకు చావును చెప్పకుండా చెప్పే మాటలు చాలా ఉన్నాయి: పోయారు, కాలం చేశారు, ఇక లేరు, దూరమయ్యారు. క్లయింటు ఏ మాట వాడితే ఆ మాటే వాడండి, కానీ "చనిపోయారు" అన్న మాట గదిలో ఎప్పుడో ఒకప్పుడు పలకగలగాలి. పిల్లల దగ్గర మొదటి నుంచీ అదే మాట వాడండి. నిద్రపోయాడంటే పిల్లవాడికి రాత్రి పడుకోవాలంటే భయం పడుతుంది. ఊరెళ్లాడంటే వీధి తలుపు వైపు చూస్తూ కూర్చుంటాడు. చనిపోయినవాళ్లు తిరిగి రారని పిల్లలకు స్థిరంగా అర్థమయ్యేది సుమారు ఐదు నుంచి ఏడేళ్ల మధ్య. అంతకన్నా చిన్నపిల్లలు అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతారు. ప్రతిసారీ అదే జవాబు చెప్పాలి. మధ్యలో ఆడుకోవడానికి పరుగెత్తితే, దుఃఖం లేదని కాదు.

టిష్యూ పెట్టె గురించి ఒక్క మాట. క్లయింటు ఏడవడం మొదలుపెట్టగానే తీసి చేతికిచ్చామంటే ఇక చాలు, ఆపండి అన్నట్టు వినిపిస్తుంది. అందేంత దూరంలో పెట్టి ఊరుకోండి. "ధైర్యంగా ఉండాలి", "పిల్లల మొహం చూసైనా", "కాలమే మాన్పుతుంది" అన్నవి వాళ్లు ఇంటి దగ్గర వంద సార్లు విన్నారు. వాటి కోసం మన దాకా రానక్కర్లేదు.

ఇక మన సంగతి. మా నాన్న చనిపోయిన ఐదు వారాలకే నేను మళ్లీ క్లయింట్లను చూడటం మొదలుపెట్టాను. తండ్రిని పోగొట్టుకున్న ఒక అమ్మాయి మాట్లాడుతుంటే, ఆ తండ్రి ఎలా దగ్గేవాడో చెబుతుంటే, నాకు వినిపించింది మా నాన్న దగ్గు. ఆ సెషన్‌లో మిగతా అరగంట ఆ అమ్మాయి ఏం చెప్పిందో నాకు గుర్తు లేదు. ఆ సాయంత్రమే నా సూపర్‌వైజరుకు, అంటే నా కేసుల్లో నాకు దారి చూపే సీనియర్ కౌన్సెలరుకు, ఫోన్ చేసి చెప్పాను. కొంతకాలం అలాంటి కేసుల్ని ఇంకొకరికి పంపాను. సిగ్గుపడాల్సిన విషయం కాదిది. దాచిపెడితేనే ప్రమాదం, ఎందుకంటే అప్పుడు మన బాధ తగ్గించుకోవడానికి క్లయింటును ఓదారుస్తాం.

చివరి సెషన్ గురించి చెప్పి ఆపుతాను. ఒక మనిషిని పోగొట్టుకుని వచ్చినవాళ్లకు మనం కూడా ఇంకో వీడ్కోలు ఇవ్వబోతున్నాం. చెప్పాపెట్టకుండా ముగించకూడదు. నాలుగైదు వారాల ముందే తేదీ చెప్పాలి, ప్రతి వారం గుర్తు చేయాలి, ఆ తేదీ తలుచుకుంటే ఎలా ఉందో అడగాలి. చాలామందికి వీడ్కోలు చెప్పే అవకాశం మొదటిసారి దొరకలేదు. ఈసారి దొరకాలి. వర్ధంతి, పుట్టినరోజు లాంటి రోజుల్లో బాధ మళ్లీ ఎగుస్తుందని, అది వెనక్కి జారడం కాదని కూడా ఆ వారాల్లోనే చెప్పుకోవాలి.

కళ్లజోడు తెచ్చిన ఆవిడ పద్నాలుగు సెషన్లకు వచ్చారు. పెట్టెను ప్రతిసారీ బల్ల మీద పెట్టేవారు, కొన్నిసార్లు తెరిచేవారు, కొన్నిసార్లు లేదు. చివరి రోజు మాట్లాడి, లేచి, చెప్పులు వేసుకుంటుండగా నేను బల్ల వైపు చూశాను. ఖాళీగా ఉంది. నేను చూడటం ఆవిడ చూశారు.

"ఇంట్లో అల్మారాలో పెట్టి వచ్చాను" అన్నారు. "తుడవలేదు. పిల్లలకు చూపించి, తుడవొద్దని చెప్పాను."